తొందర లేని సరుకు

నేను ఒక పెట్టెను. ఏం పెట్టెవి అని అప్పుడే అడగకండి. చెప్పగానే మొహం చిట్లించి పక్కకు తప్పుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మీరూ అలాగే పోతారేమోనని నా అనుమానం. పుస్తకాల్లో నన్ను శవపేటిక అంటారు. గల్ఫ్‌లో పనిచేసే మన తెలంగాణవాళ్లు మాత్రం బాక్సు అంటారు. "ఫలానా ఆయన బాక్సుల వచ్చిండు" అంటే చాలు, విన్నవాళ్లు ఇంకేమీ అడగరు.

నేను పుట్టింది అక్కడే, సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో. ఆ ఊరి పేరు చెప్పను. నేను చెప్పబోయేది విని అక్కడి పెద్దలు నొచ్చుకుంటారు, ఎందుకొచ్చిన గొడవ. నన్ను చేసినవాడు మెట్‌పల్లి వైపు వడ్లాయన, పేరు సదానందం. తలుపులూ కిటికీలూ చేయడం అతని అసలు పని. చేతిలో పని లేనప్పుడు నాలాంటివి రెండు చేసి గోడకు నిలబెట్టి ఉంచేవాడు. తలుపు చేయాలంటే గుమ్మం దగ్గరికి వెళ్లి రెండుసార్లు కొలత తీసుకుంటాడు. నాకు మాత్రం ఎవరి కొలతా తీయలేదు. లోపలికి వచ్చేవాళ్లంతా ఒకే పొడుగు ఉంటారని అతని లెక్క కాబోలు.

నా ఒంటి చెక్క ఎక్కడో చలిదేశం నుంచి యంత్రాలు వచ్చిన డబ్బాలది. పక్క పలక మీద గొడుగు బొమ్మ, గాజు గ్లాసు బొమ్మ ఇంకా సగం కనపడతాయి. వానలో తడపకండి, మెల్లగా దించండి అని వాటి అర్థం. అవి యంత్రాల కోసం వేసినవి లెండి. నాలో పడుకున్న మనిషిని ఎవరూ మెల్లగా దించలేదు.

ఆ మనిషి పేరు సుంకరి భూమేశ్. జగిత్యాల వైపు తుంగమడుగు అతని ఊరు. పెద్ద పెద్ద మేడల్లో నేలకు టైల్స్ పరిచేవాడు. ఒకనాడు పని దిగి వచ్చి, అన్నం తిని పడుకున్నాడు, తెల్లారి లేవలేదు. అదే గదిలో ఉండే కొమిరె రాజలింగం లేపబోతే ఒళ్లు చల్లగా తగిలింది. రాజలింగానిదీ తుంగమడుగే. ఇంటిపేరు వేరు, చుట్టరికం లేదు, చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు, అంతే. అయినా కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగింది అతనే. శవం చెడకుండా మందు ఎక్కించి, భూమేశ్‌ను నా దగ్గరికి తెచ్చారు. పొడుగు మనిషి. మోకాళ్లు కాస్త మడిస్తే గానీ మూత పడలేదు. నాకు సిగ్గేసింది, నిజంగా.

మూతకు మేకులు కొట్టేముందు రాజలింగం ఊరికి ఫోన్ చేశాడు. అవతల భూమేశ్ భార్య గంగజల. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"అన్నా, నాకు వేరే ఏం వద్దు. నాకు ఆయన ముఖం చూపియ్యి. నాలుగేండ్లాయె చూడక. ఫోన్ల కనవడేది ముఖమేనా? ఒక్కసారి కండ్ల ముందట చూస్త. ఆ తర్వాత మీరందరు ఏం చెయ్యుమంటే అది చేస్త."

"తెస్త చెల్లె. ఎల్లుండి పొద్దుగాల మీ ఇంటి ముందట ఉంటం."

ఇదీ నాకు అప్పగించిన పని. ఒక మొహాన్ని జాగ్రత్తగా తీసుకెళ్లి ఒక మనిషికి చూపించాలి. ఇంతకంటే తేలిక పని ఏముంటుంది?

ఆ మాటలు అయిన మర్నాడు, మమ్మల్ని విమానం ఎక్కించాల్సిన పూట, సముద్రం అవతల ఆఫ్రికాలో ఒక కొండ పగిలింది. ఎన్ని తరాలుగా నిద్రపోయిందో, ఎవరి మీద కోపమో, నిప్పులు కక్కి బూడిదను ఆకాశంలోకి ఊదింది. ఆ బూడిద గాలిలో కలిసి, సముద్రం దాటి, సరిగ్గా మన దేశానికి వచ్చే విమానాల దారిలో పరుచుకుంది. సరుకుల షెడ్డులో ఉన్న టీవీలో నేను విన్నదే చెబుతున్నాను. ఈ బూడిద మీ పొయ్యిలో ఉండే మెత్తని బూడిద కాదట. రాయి నలిగిన పొడి, గాజు పలుకులు. ఇంజను దాన్ని మింగితే లోపలి మంటకు కరిగి, బెల్లం పాకంలా అక్కడా ఇక్కడా అంటుకుని గట్టిపడుతుందట. ఇక ఇంజనుకు ఊపిరాడదు. ముందున్న అద్దాన్ని గరుకు కాగితంతో రుద్దినట్టు గీకేస్తుంది, నడిపేవాడికి ఎదుట ఏముందో కనపడదు. పైగా వాన మబ్బును కనిపెట్టే యంత్రం ఈ మబ్బును కనిపెట్టలేదట. అంత ఇనుము, అంత మంట, అంత చప్పుడు ఉన్న విమానం చిటికెడు దుమ్ముకు జడుస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

విమానాలు ఆపేశారు. మంచిపనే చేశారు. ఆపినవాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. నా కోపమంతా మళ్లీ మొదలుపెట్టినవాళ్ల మీదే.

షెడ్డులో నా పక్కన ఐసులో పెట్టిన చేపల డబ్బాలు, ఖర్జూరం పెట్టెలు, మందుల అట్టపెట్టెలు ఉండేవి. మొదట నన్ను చల్లగదిలో పెట్టారు. విమానాలు ఆగిన కొద్దీ చేపలు పేరుకుపోయాయి, ఐసు కరగడం మొదలైంది. చేపల తాలూకు మనిషి వచ్చి షెడ్డు అదిరిపోయేలా అరిచాడు. అధికారులు పరుగున వచ్చారు. చల్లగదిలో చోటు చాలదన్నారు. అందరూ కలిసి నా వైపు చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది. నన్ను బయటికి జరిపి, నా చోట చేపలను పెట్టారు. మందు ఎక్కించిన శవానికి ఏమీ కాదులే అని ఒకడు పక్కవాడికి సర్దిచెప్పాడు. చేపల పక్కన ఉన్నప్పుడు నాకు వాటి వాసన గిట్టలేదు గానీ, బయటికి వచ్చాక వాటి మీద అసూయ పుట్టింది. వాటి కోసం అరిచే మనిషి ఉన్నాడు మరి.

మా వైపు అరిచేవాడు ఒక్కడే, అదీ మెల్లగా. రాజలింగం ఆ షెడ్డు గుమ్మం దగ్గరే కూర్చునేవాడు. ఎవరు కనపడినా లేచి నిలబడి, చేతులు కట్టుకుని, వచ్చీరాని హిందీలో అడిగేవాడు. వాళ్లు ఆకాశం వైపు చూపించేవాళ్లు. ఆకాశం చూస్తే నీలంగా, ముచ్చటగా ఉండేది. దుమ్ము కంటికి కనపడితే కదా, అతనికి నమ్మకం కుదిరేది.

అప్పుడు భూమేశ్ అన్న పోశెట్టి ఫోన్ చేశాడు. ఇంటికి పెద్దవాడు, వాళ్ల కులానికీ పెద్దే. తుంగమడుగులో సుంకరి ఇంటిపేరు పాలోళ్లు, అంటే దాయాదులు, చాలా గడపలు ఉన్నారట, అందరికీ అతని మాటే మాట.

"ఏమైంది లింగం? ఎప్పుడు వస్తున్నరు?"

"ఎవ్వరు చెప్తలేరు అన్నా. ఆకాశంల బూడిద ఉన్నదంటున్నరు. అది ఎప్పుడు పోతదో వాళ్లకే తెల్వదంట."

"అంటే రేపు ఎల్లుండి కాదా?"

"నాకేం తెలుస్తది అన్నా. ఏమో మరి."

ఉన్నదున్నట్టు చెప్పాడు పాపం. ఒక్క అబద్ధం ఆడి "రేపే వస్తున్నం" అని ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ ఫోన్ తర్వాత ఊరి నుంచి ఎవరూ మాట్లాడలేదు. గంగజల ఫోన్ కలవలేదు. పోశెట్టి ఫోన్ మోగేది, ఎత్తేవాళ్లు లేరు. అందరూ ఏడుపులో ఉన్నారేమోలే అని రాజలింగం తనకు తానే చెప్పుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. మనుషుల గురించి నాకు అప్పటికి అంత తెలియదు.

చివరికి గాలి మళ్లింది, బూడిద పక్కకు పోయింది, విమానాలు కదిలాయి. మా ముఖాలు వెలిగాయి. నా ముఖం అంటే మూతే అనుకోండి. రాజలింగం మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చాడు. మొదటి విమానం వెళ్లింది, మమ్మల్ని ఎక్కించలేదు. రెండోది వెళ్లింది. ఆగిపోయిన ప్రయాణికులంతా ముందు పోవాలన్నారు, పోనీ అనుకున్నాం. వాళ్లతోపాటు వాళ్ల సామాన్లు పోవాలన్నారు. తాళ్లతో బిగించి, పేరూ ఊరూ పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన అట్టపెట్టెలు, పాలపొడి డబ్బాలు, మందపాటి దుప్పట్లు, టీవీలు ఒక్కొక్కటే నా కళ్ల ముందే బండెక్కి వెళ్లాయి. రాజలింగం గుమాస్తా బల్ల మీద రెండు చేతులూ పెట్టి బతిమాలాడు. ఆ గుమాస్తా చెడ్డవాడు కాదు. టీ ఇప్పించాడు, భుజం తట్టాడు కూడా.

"బతికున్నవాళ్లకు తొందర ఉంటుంది భాయ్. ఆయనకు ఇప్పుడు ఏం తొందర?" అన్నాడు.

ఎంత నెమ్మదిగా, ఎంత దయగా అన్నాడో చెప్పలేను. భూమేశ్‌కు తొందర లేదు, నిజమే. తుంగమడుగులో ఒక మనిషి కళ్లకు ఉన్న తొందర సంగతి ఆ గుమాస్తాకు ఎవరు చెప్తారు? దుమ్ము వల్ల ఆలస్యమైందని అందరూ అంటారు. దుమ్ము ఆపింది కొంతే. మిగతాదంతా ఆ దుప్పట్లు ఆపినదే. మొదటి విమానంలో మమ్మల్ని ఎక్కించి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పనే ఉండేది కాదు, మామూలు చావు కథ అయి ఎక్కడో కలిసిపోయేది.

చివరికి ఎక్కించారు. హైదరాబాద్‌లో దిగాం, అంబులెన్సులో పడ్డాం. పోశెట్టి ఫోన్ ఎత్తకపోతే, దిగినం, వస్తున్నం అని రాజలింగం మెసేజి పంపాడు. డ్రైవరు పేరు ఖాజా, మాటకారి. దారి పొడుగునా రాజలింగాన్ని మాట్లాడిస్తూనే ఉన్నాడు. తుంగమడుగు పొలిమేరలో, చెరువు కాలువ దగ్గర పెద్ద గుంపు కనపడింది. ఎదురొచ్చి తీసుకెళ్లడానికి వచ్చారనుకుని రాజలింగం కళ్లు తుడుచుకున్నాడు. వాళ్లు దారికి అడ్డంగా ఎడ్లబండి నిలిపి ఉంచారు.

పోశెట్టి ముందుకు వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. తమ్ముడు ఇంకా బండిలోనే ఉండగా అన్న గుండు ఎందుకు చేయించుకున్నాడో రాజలింగానికి అర్థం కాలేదు.

"లింగం, బండి ఇక్కన్నే ఆపు. ఊర్లెకు రావద్దు."

"అదేంది అన్నా? తమ్మున్ని తీస్కచ్చిన."

"తమ్ముని సావు అయిపోయింది. మొన్ననే కాలవెట్టినం."

ఖాజా వెనక్కి తిరిగి నా వైపు చూశాడు, లోపల ఎవరున్నారో అన్నట్టు. పోశెట్టే చెప్పుకొచ్చాడు, తల వంచుకుని, గబగబా. పాలోళ్లందరూ కలిసి చేసుకునే పెద్దమ్మ పండుగ దగ్గర పడింది. చాలా ఏండ్ల తర్వాత పెట్టుకున్నారు, డప్పులకు చెప్పారు, ఆడబిడ్డలను పిలిచారు. ఇంటిపేరులో చావు జరిగితే అందరికీ మైల. శవం కాలిన నాటి నుంచే ఆ మైల దినాలు లెక్కకు వస్తాయి. కాలేదాకా లెక్కే మొదలు కాదు. శవమేమో ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పరు. బూడిద ఇక దిగదనీ, శవాన్ని అక్కడే పూడ్చేస్తారనీ ఎవడో ఊళ్లో అన్నాడు. ఊరి పురోహితుడు అయ్యగారిని అడిగారు. శవం దొరకనివాళ్లకు ఒక పద్ధతి ఉంది అన్నాడాయన. మోదుగాకులతో మనిషి బొమ్మ చేశారు. తలకు కొబ్బరికాయ పెట్టారు. భూమేశ్ పాత చొక్కా తొడిగారు. పాడె మీద మోసుకెళ్లి కాల్చారు.

"తప్పు చేసినమా చెప్పు? నీ నోటితోని నువ్వే అంటివి, తెల్వదని."

"తెల్వదన్న గని, రాదన్ననా అన్నా?"

"ఇప్పుడేమంటే ఏం లాభం. ఒక మనిషికి రెండు సావులు చేస్తే ఇంటిపేరు మీద ఇంకో సావు పడ్తది. అయ్యగారు చెప్పిండు. బయట్నే పూడ్చుదం. పెట్టె తెరువద్దు. మేం చూస్తే మళ్ల మొదటి నుంచి మైల. పండుగ ఎత్తిపోతది."

పోశెట్టి బండి వైపు చెయ్యి చాపబోయి వెనక్కి లాక్కున్నాడు. దుర్మార్గుడైతే తిట్టి ఊరుకుందును. తమ్ముడంటే ప్రాణమున్నవాడేనని ఆ చెయ్యే చెప్పింది. నా ఒళ్లు మండింది.

అప్పుడు గుంపును తోసుకుంటూ గంగజల వచ్చింది. మనిషిని చూడటం అదే మొదలు, గొంతు మాత్రం తెలుసు. చేతులకు గాజులు లేవు, నొసట బొట్టు లేదు. అన్నీ ఆ బొమ్మ ముందే తీయించారట. పోశెట్టి అడ్డం నిలబడ్డాడు.

"గంగజల, ఇంటికి వో. అయిపోయినదాన్ని మళ్ల తవ్వొద్దు."

"కొబ్బరికాయను చూసి ఏడ్వమన్నరు నన్ను," అంది ఆమె. గొంతు పెంచలేదు. "గదే ఆయన ముఖం అనుకొమ్మన్నరు. నా ఫోను గుంజుకున్నరు. నేను ఏడ్వకపోతే రాతి గుండె అన్నరు. ఇప్పుడు ఆయన వచ్చిండు. నేను చూస్త."

"చూస్తే మైలంటరు."

"మీరు చూడకుండ్రి. అటు మర్లి నిలవడుండ్రి. చూసిన మైల నాది, నేనే మోస్త."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాటకు పద్ధతిలో అడ్డం ఏదీ దొరకలేదు. ముందు పోశెట్టి వెనక్కి తిరిగాడు. తర్వాత ఒక్కొక్కరే తిరిగారు. కాలువ గట్టు మీద సుంకరి ఇంటిపేరు మగవాళ్లంతా నాకు వీపులు చూపిస్తూ నిలబడ్డారు. ఎంతమంది వీపులో. కొందరు చొక్కా మీద కండువాతో మొహం కూడా కప్పుకున్నారు, కంటి కొస నుంచైనా కనపడకూడదని. నవ్వొచ్చే దృశ్యమే. నవ్వేవాళ్లే లేరు అక్కడ.

ఖాజా టైరు విప్పే రాడ్డు ఇచ్చాడు. రాజలింగం మేకులు పెకిలించాడు. మూత లేచింది.

చాలా రోజుల ఆలస్యం, చల్లగది బయట గడిపిన కాలం, అన్నీ ఆ మొహం మీద ఉన్నాయి. నల్లబడింది, పెదవులు బిగుసుకున్నాయి. గంగజల చాలాసేపు చూసింది. చెంగుతో అతని నుదురు తుడిచింది. గడ్డం మీద వేళ్లు పెట్టి, "గడ్డం చేసుకోకుండ పండుకున్నవా," అంది, రోజూ ఇంట్లో ఉండే మనిషితో మాట్లాడినట్టు. ఆ తర్వాత ఏడ్చింది. దాచుకున్నదంతా ఒక్కసారిగా. "నేను ఆపలేకపోయిన. నువ్వు ఉండంగనే నిన్ను కాలవెట్టిన్రు. నేనొక్కదాన్ని ఎంతమందిని ఆపుదు," అని ఏడ్చింది. వెనక్కి తిరిగిన వీపుల్లో ఒకటి రెండు కదిలాయి, ఒక్కటీ ఇటు తిరగలేదు.

భుజం పట్టడానికి నలుగురు కావాలి. ఉన్నది రాజలింగం, ఖాజా, ఆమె. మూడు మూలలు లేచాయి, నాలుగో మూలను నేల మీద ఈడ్చుకుంటూ పోయాను. కాలువ పక్కన గుంట తీశారు. అతన్ని నాలోంచి తీసి దుప్పటితో సహా పడుకోబెట్టారు. ఆ గుంటలో అతను కాళ్లు చాపుకున్నాడు. కుక్కలు తవ్వకుండా నన్ను మట్టి మీద బోర్లించి, పైన రాళ్లు పెట్టారు. అప్పటి నుంచి నేను ఇక్కడే ఉన్నాను.

పెద్దమ్మ పండుగ అనుకున్న రోజుకే జరిగింది. డప్పులు ఇక్కడిదాకా వినిపించాయి. గంగజలకు మాత్రం మళ్లీ మైల మొదలైంది, చూసింది కదా. వెనక కొట్టంలో వేరుగా ఉంచి, తినేది గుమ్మం బయట పెట్టారట. ఆ మాట రాజలింగం చెబితే విన్నాను. గల్ఫ్ తిరిగి వెళ్లేముందు ఒకసారి వచ్చి కూర్చున్నాడు, నాతో కాదు లెండి, కింద ఉన్నవాడితో చెప్పుకున్నాడు.

ఏడాది తిరిగింది. నాకు చెద పట్టింది, గొడుగు బొమ్మను సగం తినేసింది. ఏడాది మాసికం పోశెట్టి ఇంట్లో ఘనంగా చేశారు, బొమ్మ కాలిన తిథికి. గంగజల తనదిగా ఇంకో రోజు పెట్టుకుంది, నా మూత తెరిచిన రోజు. గల్ఫ్‌లో ఆ గదిలో అతను నిజంగా కన్ను మూసిన రోజును మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

తను పెట్టుకున్న ఆ రోజున ఆమె ఒక్కతే వచ్చింది. నా చుట్టూ పెరిగిన గడ్డి పీకుతూ కూర్చుంది. కాసేపటికి గట్టు దిగి పోశెట్టి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. దూరంగా నిలబడి, తర్వాత దగ్గరికి వచ్చి, నా మీద చెయ్యి పెట్టాడు. తోడబుట్టినవాడై ఉండి నన్ను అతను తాకడం అదే మొదటిసారి.

"గంగజల," అన్నాడు. "ముఖం ఎట్లుండెనే? నిద్రపోయినట్టు ఉండెనా? ఏమన్న బాధ వడ్డట్టు ఉండెనా? నాకు నిద్ర పడ్తలేదు. ఒక్కమాట చెప్పు."

ఆమె గడ్డి పీకడం ఆపలేదు.

"అడగకు బావ. చెప్తే నీకు మైలంటుతది," అంది.

పోశెట్టి అక్కడే కూలబడ్డాడు, నా మీదే, మొహం చేతుల్లో పెట్టుకుని. ఆమె పీకిన గడ్డిని ఒడిలో వేసుకుని లేచి, గట్టెక్కి వెళ్లిపోయింది. అతని కన్నీళ్లు నా పలకల సందుల్లోంచి లోపలికి దిగాయి. ఆ మొహం ఎలా ఉందో నాకు బాగా తెలుసు. దారి పొడుగునా నా మూత కిందే ఉంది. నన్నెవరూ అడగరు.